కనిపించడం వేరు, పనిచేయడం వేరు



మన ఒంట్లో కణాలు ఇష్టం వచ్చినట్టు విభజన చెందకుండా కాపలా కాసే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయి. డీఎన్‌ఏ దెబ్బతిని ఉంటే వాటిలో కొన్ని విభజనను ఆపుతాయి, మరమ్మతుకు వ్యవధి ఇస్తాయి, బాగుపడే ఆశ లేకపోతే ఆ కణాన్నే చంపేస్తాయి. వీటిని ట్యూమర్ సప్రెసర్ ప్రొటీన్లు, అంటే కణితిని అణచిపెట్టే ప్రొటీన్లు అంటారు. పి-53, ఆర్‌బీ, పి-16, పీటెన్, ఎంఎల్‌హెచ్-1 ఈ కోవలోవే. ఇవి పాడైన చోట క్యాన్సర్‌కు దారి దొరుకుతుంది. అందుకే కణంలో ఇవి ఏ స్థితిలో ఉన్నాయో చూడటం అటు పరిశోధనలోనూ, ఇటు రోగ నిర్ధారణలోనూ రోజువారీ పని అయిపోయింది. ఆ పనికి ప్రయోగశాలలు ఎక్కువగా నమ్ముకున్నది మోనోక్లోనల్ యాంటీబాడీని. ఈ యాంటీబాడీ ఇచ్చే జవాబు ఎంతో కచ్చితమైనది, కానీ చాలా చిన్నది అన్నదే ఈ ప్రసంగంలో నా వాదన. ఆ చిన్న జవాబును పెద్ద ప్రశ్నకు జవాబుగా చదువుకున్నప్పుడల్లా పొరపాటు జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. ప్రొటీన్ కనిపించినంత మాత్రాన అది పనిచేస్తోందని చెప్పలేం. కనిపించనంత మాత్రాన అది లేదనీ చెప్పలేం. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో, దాన్ని దాటడానికి ఏం చేయాలో ఆధారాలతో చూద్దాం.

ముందు ఈ యాంటీబాడీ ఎలా తయారవుతుందో తెలియాలి. ఒక పరాయి ప్రొటీన్‌ను ఎలుకకు ఎక్కిస్తే, దాని ఒంట్లోని బి-కణాలు ఆ ప్రొటీన్‌కు అంటుకునే యాంటీబాడీలను తయారుచేస్తాయి. ఒక్కో బి-కణం ఒక్కో రకం చేస్తుంది. కాబట్టి రక్తం తీసి సీరం వేరుచేస్తే అందులో ఎన్నో రకాలు కలగాపులగంగా ఉంటాయి. ఆ జంతువు చచ్చిపోతే సరిగ్గా అదే మిశ్రమం మళ్లీ దొరకదు. 1975లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో, మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వారి మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాలలో, జార్జెస్ కోహ్లర్, సీజర్ మిల్‌స్టీన్ ఈ చిక్కు విప్పారు. యాంటీబాడీ చేసే బి-కణానికి ఆయుష్షు తక్కువ. మైలోమా అనే క్యాన్సర్ కణమేమో ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. ఈ రెంటినీ కలిపి ఒకే కణంగా చేశారు. అదే హైబ్రిడోమా. కలవకుండా మిగిలిపోయిన మైలోమా కణాలను ఏరివేయడానికి హాట్ అనే మాధ్యమం వాడతారు. అందులోని అమినోప్టెరిన్, కణం డీఎన్‌ఏకు కావలసిన సరుకు తయారుచేసుకునే ప్రధాన మార్గాన్ని మూసేస్తుంది. రెండో మార్గంలో వెళ్లాలంటే అవసరమైన ఎంజైము ఆ మైలోమా కణాల్లో ఉండదు కాబట్టి అవి చచ్చిపోతాయి. బి-కణం వైపునుంచి ఆ ఎంజైము అందుకున్న హైబ్రిడోమాలు బతుకుతాయి. బతికినవాటిని ఒక్కొక్క కణంగా విడదీసి పెంచితే, ఒకే కణపు సంతతినుంచి ఒకే రకం యాంటీబాడీ ఎంత కావాలంటే అంత వస్తుంది. ఈ పనికి వాళ్లిద్దరూ 1984లో నీల్స్ జెర్నెతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఒకే రకం కావడంలోనే దీని బలమూ ఉంది, దీని పరిమితీ ఉంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. పి-53లో 393 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. మోనోక్లోనల్ యాంటీబాడీ ఆ గొలుసంతటినీ చూడదు, అందులో ఒక చిన్న చోటును పట్టుకుంటుంది. ఆ చోటునే ఎపిటోప్ అంటారు. డీఓ-1 అనే ప్రసిద్ధమైన యాంటీబాడీ పి-53 గొలుసు మొదట్లో, 20 నుంచి 25 వరకు ఉన్న భాగాన్ని పట్టుకుంటుంది. పీఏబీ-421 అనేది చివర్న, 372 నుంచి 382 వరకు ఉన్న భాగాన్ని పట్టుకుంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో మనిషి ఆనవాలుగా పుట్టుమచ్చలు రాస్తారు కదా, ఇదీ అలాంటి గుర్తింపే. మెడమీద మచ్చ కనిపిస్తే మనిషి ఫలానా అని చెప్పవచ్చు. ఆ మనిషి ఆరోగ్యంగా ఉన్నాడా, తన ఉద్యోగం సక్రమంగా చేస్తున్నాడా అన్నది మచ్చ చెప్పదు. కాలరు కింద మచ్చ దాగిపోతే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా ఆనవాలు దొరకదు. అలాంటి మచ్చే ఇంకొకరికీ ఉంటే ఒకరిని చూసి మరొకరు అనుకుంటాం. యాంటీబాడీ పరీక్షలో వచ్చే తప్పులు చాలావరకు ఈ మూడు రకాల్లోనే ఉంటాయి. గుర్తు ఉంటుంది, పని ఉండదు. ప్రొటీన్ ఉంటుంది, గుర్తు కప్పబడి ఉంటుంది. గుర్తు దొరుకుతుంది, ప్రొటీన్ మాత్రం వేరొకటై ఉంటుంది.

మొదటి రకానికి పి-53 చరిత్రను మించిన సాక్ష్యం లేదు. 1979లో లండన్‌లో డేవిడ్ లేన్, లయనెల్ క్రాఫర్డ్, ప్రిన్స్‌టన్‌లో డేనియల్ లింజర్, ఆర్నాల్డ్ లెవిన్ దీన్ని దాదాపు ఒకేసారి గుర్తించారు. అదే ఏడాది న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం వేరే దారిలో వచ్చి ఇదే ప్రొటీన్‌ను చూసింది. ఎస్‌వీ-40 అనే కోతుల వైరస్, తాను క్యాన్సర్ కణాలుగా మార్చిన కణాల్లో టి-యాంటీజెన్ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. లండన్, ప్రిన్స్‌టన్ బృందాలు దాన్ని యాంటీబాడీలతో పట్టి లాగినప్పుడు, దాన్ని అంటిపెట్టుకుని ఆ కణానికే చెందిన మరో ప్రొటీన్ బయటికి వచ్చింది. అదే పి-53. తర్వాత చూస్తే క్యాన్సర్ కణాల్లో ఇది కుప్పలుగా ఉంది, మామూలు కణాల్లో కనిపించీ కనిపించనట్టు ఉంది. జబ్బు ఉన్నచోట ఎక్కువగా ఉంది కాబట్టి జబ్బును పెంచేది ఇదేనని అనుకున్నారు. దీని జన్యువును కణాల్లో పెడితే అవి క్యాన్సర్ వైపు మళ్లినట్టు చూపిన ప్రయోగాలూ ఆ నమ్మకానికి బలమిచ్చాయి. 1989లో అది కూలిపోయింది. బాల్టిమోర్‌లో బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం పెద్దపేగు క్యాన్సర్లను పరీక్షించి, 17వ క్రోమోజోము మీది ఈ జన్యువు ఒక ప్రతి ఊడిపోయి, రెండో ప్రతి మార్పుకు లోనై ఉందని చూపించింది. అంతకుముందు ప్రయోగాల్లో వాడినవి మార్పు చెందిన జన్యువులని, మార్పులేని పి-53 పెడితే కణాలు క్యాన్సర్ వైపు మళ్లడం తగ్గిపోతోందని లెవిన్ బృందం చూపించింది. ఆ పదేళ్లలో యాంటీబాడీలు అబద్ధం చెప్పలేదు. ప్రొటీన్ ఎక్కువగా ఉందని అవి చెప్పింది నిజమే. ఎక్కువగా ఉంది కాబట్టి దాని పని జోరుగా సాగుతోందన్నది మనుషులు కలుపుకున్న మాట.

మరి పాడైన ప్రొటీన్ ఎందుకు పేరుకుపోతుంది? మామూలు కణంలో పి-53 ఎంతోసేపు నిలవదు, సుమారు ఇరవై నిమిషాల్లో సగానికి సగం నాశనమవుతుంది. దాన్ని నాశనానికి అప్పగించేది ఎండీఎం-2 అనే ప్రొటీన్. ఆ ఎండీఎం-2 తయారీని పెంచేది మళ్లీ పి-53యే. మార్పు చెందిన పి-53 డీఎన్‌ఏను సరిగ్గా పట్టుకోలేదు, ఎండీఎం-2ను పెంచలేదు, దాంతో తానే పేరుకుపోతుంది. ఏకైక కారణం ఇదే కాకపోయినా, ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. అందుకే ఈ ప్రొటీన్ విషయంలో ఎక్కువ కనిపించడమే పాడైపోయిందనడానికి ఆనవాలు అయింది. పాథాలజీ ప్రయోగశాలలో, ఫార్మలిన్‌లో ఉంచి మైనంలో బిగించిన కణజాలాన్ని పలచటి పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, డీఓ-7 లాంటి యాంటీబాడీ వేస్తారు. అది అంటుకున్న చోట గోధుమ రంగు తేలేలా చేస్తారు. దీన్నే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అంటారు. మామూలు పి-53 ఉన్న కణజాలంలో కొన్ని కేంద్రకాలు ముదురుగా, కొన్ని లేతగా, కొన్ని అసలు రంగు లేకుండా, అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. మార్పు చెందిన పి-53 ఉంటే కణితిలోని దాదాపు అన్ని కేంద్రకాలూ ముదురు రంగుకు తిరుగుతాయి.

ఇంతటితో అయిపోతే తేలికే. కానీ జన్యువులో వచ్చే మార్పులన్నీ ఒకే రకం కావు. కొన్ని మార్పులు ప్రొటీన్ గొలుసును మధ్యలోనే తెంపేస్తాయి. తెగిన గొలుసు నిలవదు, యాంటీబాడీకి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు కణితి అంతటా రంగే ఉండదు. అంటే పూర్తిగా ముదురు రంగు వచ్చినా జబ్బు గుర్తే, పూర్తిగా రంగు లేకపోయినా జబ్బు గుర్తే, మధ్యస్థంగా మచ్చలు మచ్చలుగా ఉంటేనే మామూలు. అండాశయంలో వచ్చే హైగ్రేడ్ సీరస్ క్యాన్సర్లలో 96 శాతం వాటిలో పి-53 జన్యువు మార్పు చెంది ఉందని 2011లో క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ పరిశోధన తేల్చింది. ఈ క్యాన్సర్‌లో పైన చెప్పిన రెండు విపరీతాలూ కనిపిస్తాయి. ఇలాంటి చోట రిపోర్టులో 'పాజిటివ్' అనో 'నెగెటివ్' అనో రాస్తే చదివేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే. అందుకే స్త్రీల క్యాన్సర్లను పరీక్షించే పాథాలజిస్టుల సంఘాలు ఆ రెండు మాటలనూ వదిలి, 'మామూలు తీరు', 'మార్పు చెందిన తీరు' అన్న పద్ధతిలో రాయమంటున్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. రంగు అసలు రాకపోవడం ప్రొటీన్ లేకపోవడం వల్లనా, పరీక్షే సరిగ్గా జరగకపోవడం వల్లనా? ఈ ప్రశ్నకు జవాబు అదే గాజు పలక మీద ఉంటుంది. కణితి చుట్టూ ఉన్న లింఫోసైట్లు, ఆధార కణజాలంలోని కణాలు ఆరోగ్యమైనవి. వాటిలో లేత రంగైనా కనిపించాలి. వాటిలోనూ ఏమీ లేకపోతే పరీక్ష విఫలమైందని అర్థం, ఆ పలక ఆధారంగా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

ఎక్కువ కనిపించడమే పాడైందనడానికి గుర్తని ఇప్పుడు ఒక సూత్రం చేసుకుందామా అంటే అదీ కుదరదు. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు ఆరోగ్యమైన పి-53 కూడా నిలకడ పొంది పెరుగుతుంది. మామూలు మనిషి చర్మం మీద అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు పి-53 బాగా పెరగడం 1993లోనే చూపించారు. ఆ పెరుగుదల ప్రొటీన్ తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. పి-16 కథ ఇంకా విచిత్రం. క్లోమ క్యాన్సర్‌లో, మెలనోమాలో పి-16 కనిపించకుండా పోవడం చెడ్డ గుర్తు. గర్భాశయ ముఖద్వారం దగ్గర మాత్రం వరుస తిరగబడుతుంది. అక్కడ హ్యూమన్ పాపిలోమా వైరస్ తయారుచేసే ఈ-7 ప్రొటీన్, ఆర్‌బీని పనికిరాకుండా చేస్తుంది. మామూలుగా పి-16 ఎక్కువ కాకుండా చూసేది ఆర్‌బీయే. ఆ అదుపు తప్పేసరికి పి-16 విపరీతంగా పెరుగుతుంది. కానీ పి-16 పనిచేయాల్సింది ఆర్‌బీ ద్వారానే, ఆ ఆర్‌బీ అప్పటికే పోయింది. కాబట్టి ఎంత పెరిగినా కణం ఆగదు. అందువల్ల అక్కడ పి-16 గాఢంగా, ఎడతెగకుండా కనిపించడాన్ని క్యాన్సర్‌కు ముందు వచ్చే ముదిరిన మార్పులకు గుర్తుగా వాడుతున్నారు. ఒకే ప్రొటీన్‌కు అదే రంగు ఒక అవయవంలో ఒక అర్థం, ఇంకో అవయవంలో దానికి వ్యతిరేకమైన అర్థం ఇస్తోంది. రంగును కణజాలంనుంచి విడదీసి చదవకూడదనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

రెండో రకం తప్పు గుర్తు దాగిపోవడం. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానికొకటి బిగించేస్తుంది కాబట్టి చాలా ఎపిటోప్‌లు అందులో మరుగున పడతాయి. 1991లో పలకలను నీటిలో మైక్రోవేవ్‌తో వేడిచేసే పద్ధతి వచ్చాక గానీ, పాత మైనపు దిమ్మెల్లో చాలా ప్రొటీన్లను నమ్మకంగా చూడటం సాధ్యం కాలేదు. కణంలోనే సహజంగా కప్పబడే గుర్తులూ ఉన్నాయి. డీఓ-1 పట్టుకునే చోటే ఎండీఎం-2 కూడా వచ్చి అంటుకుంటుంది. ఆ చోటనే 20వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలితే డీఓ-1 పట్టు సడలిపోతుంది. అంటే ప్రొటీన్ తన పనికోసం సిద్ధమయ్యే క్షణంలోనే యాంటీబాడీకి తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. ప్రొటీన్ ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. పీఏబీ-1620 అనేది సరైన మడతలో ఉన్న పి-53నే పట్టుకుంటుంది. పీఏబీ-240 పట్టుకునే భాగం మామూలు పి-53లో లోపల దాగి ఉంటుంది, మార్పుతో మడత విప్పుకున్నప్పుడు బయటపడుతుంది. కాబట్టి సహజ స్థితిలో ఉన్న ప్రొటీన్‌ను పట్టి లాగే పరీక్షలో పీఏబీ-240 పట్టిందంటే మడత చెడిన పి-53 ఉందని చెప్పవచ్చు. అదే యాంటీబాడీని వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్షలో వాడితే ఆ మాట చెల్లదు. అక్కడ ఎస్‌డీఎస్ అనే రసాయనంతో వేడిచేసి ప్రొటీన్ల మడతలన్నీ ముందే విప్పేస్తారు, మంచిదీ చెడ్డదీ రెండూ దానికి చిక్కుతాయి. యాంటీబాడీ అదే అయినా, పరీక్ష మారితే అది అడిగే ప్రశ్న మారిపోతుంది.

మూడో రకం తప్పు, ఒకదాన్ని పట్టబోయి ఇంకొకదాన్ని పట్టడం. వెస్టర్న్ బ్లాట్‌లో ప్రొటీన్లను వాటి పరిమాణాన్నిబట్టి జెల్‌లో విడదీస్తారు కాబట్టి, గీత సరైన చోట పడితే ప్రొటీన్ అదేనని నమ్ముతాం. పి-53 విషయంలోనే ఆ నమ్మకం ఎంతవరకు పనికొస్తుందో తెలుస్తుంది. జెల్‌లో అది 53 కిలోడాల్టన్ల దగ్గర నిలుస్తుంది, అమైనో ఆమ్లాలు లెక్కగడితే దాని అసలు బరువు 44 కిలోడాల్టన్ల లోపే. ప్రొలీన్లు దట్టంగా ఉన్న భాగం వల్ల అది జెల్‌లో నెమ్మదిగా కదులుతుంది. లెక్క ప్రకారం రావలసిన చోటే వెతికేవాళ్లు దీన్ని జారవిడుస్తారు, ఆ చోట ఏదో గీత కనిపిస్తే దాన్నే పి-53 అనుకుంటారు. ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటా దగ్గర వచ్చింది. రొమ్ము కణాల పెరుగుదలను అణచేది ఇదేనని చాలామంది భావించి, దానిమీద ఏళ్ల తరబడి పరిశోధనలు చేశారు. 2017లో స్వీడన్‌లోని పరిశోధకులు, అందుకు వాడుతున్న 13 యాంటీబాడీలను గట్టిగా పరీక్షించి చూస్తే, అన్ని పరీక్షలకూ తట్టుకుని నిలిచింది ఒక్కటే. అది కూడా ఎక్కువమంది వాడనిది. దాంతో చూస్తే మామూలు రొమ్ము కణజాలంలోనూ, రొమ్ము క్యాన్సర్లలోనూ ఆ ప్రొటీన్ కనిపించలేదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. ఇన్ని చిక్కులున్న పరీక్షను పట్టుకుని వేలాడటం ఎందుకు, ఇప్పుడు జన్యువునే అక్షరం అక్షరం చదివేయవచ్చు కదా అని అడగవచ్చు. ఇందులో నిజం ఉంది. ఏ మార్పు వచ్చిందో యాంటీబాడీ చెప్పలేదు. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లో ఉండే అఫ్లటాక్సిన్‌కు గురైన ప్రాంతాల్లో, కాలేయ క్యాన్సర్లలో పి-53 జన్యువులో 249వ అమైనో ఆమ్లాన్ని నిర్ణయించే చోట ఒకే తరహా మార్పు తరచుగా కనిపించడాన్ని 1991లో గుర్తించారు. కారణాన్ని వేలెత్తి చూపే అలాంటి ఆధారం జన్యువును చదివితేనే దొరుకుతుంది. కానీ జన్యువు బాగుండి ప్రొటీన్ పోయే సందర్భాలూ ఉన్నాయి. పాపిలోమా వైరస్ ఈ-6 ప్రొటీన్, కణంలోని పి-53ను పట్టి నాశనం చేయిస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో చాలావాటిలో పి-53 జన్యువులో ఒక్క అక్షరం కూడా మారి ఉండదు. పెద్దపేగు క్యాన్సర్లలో, డీఎన్‌ఏ మరమ్మతులో పాల్గొనే ఎంఎల్‌హెచ్-1 కనిపించకుండా పోయినప్పుడు, చాలాసార్లు కారణం ఆ జన్యువుకు మిథైల్ గుంపులు అంటుకుని అది మూగబోవడమే. అక్షరాలు చదివితే అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. యాంటీబాడీ మాత్రం ప్రొటీన్ లేదని చెబుతుంది. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఇలాంటి మరమ్మతు ప్రొటీన్లు లోపించిన కణితులకు, అవి ఏ అవయవంలో పుట్టినా సరే, పెంబ్రోలిజుమాబ్ మందును అనుమతించింది. ఆ లోపాన్ని గుర్తించడానికి నాలుగు యాంటీబాడీలతో చేసే పరీక్ష విస్తృతంగా వాడుకలో ఉంది. పైగా, కణజాలాన్ని రుబ్బి డీఎన్‌ఏ తీస్తే ఏ కణంలో ఏముందో కలిసిపోతుంది. గాజు పలక మీద ఏ కణం ఎక్కడుందో, రంగు కేంద్రకంలో ఉందో బయట ఉందో ఎదురుగా కనిపిస్తుంది. కాబట్టి ఈ రెండు పరీక్షలూ ఒకదానికొకటి పోటీ కావు. ఒకటి జన్యువులో ఏం రాసి ఉందో చెబుతుంది, ఇంకోటి కణంలో ఏం మిగిలిందో చెబుతుంది.

ఇంకో ఆక్షేపణ ప్రయోగశాలల్లో తరచుగా వినిపిస్తుంది. యాంటీబాడీని కంపెనీ పరీక్షించే అమ్ముతుంది, మోనోక్లోనల్ అంటేనే ఒకే రకం, మళ్లీ మనం కంట్రోళ్లు పెట్టడం డబ్బు దండగ కాదా అని. దీనికి రెండు జవాబులు ఉన్నాయి. మొదటిది, మోనోక్లోనల్ అన్నంత మాత్రాన ఒకే రకం యాంటీబాడీ ఉందని హామీ లేదు. 2018లో 185 హైబ్రిడోమాలను పరీక్షిస్తే, దాదాపు మూడోవంతు వాటిలో అనుకున్న గొలుసులతో పాటు అదనపు గొలుసులు కూడా తయారవుతున్నాయని తేలింది. ఇలాంటి అనుమానాలతోనే అంతకుముందు 2015లోనే కొందరు శాస్త్రవేత్తలు, యాంటీబాడీల అమైనో ఆమ్లాల వరుసను నమోదుచేసి, జన్యువుల సాయంతో వాటిని తయారుచేయాలని కోరారు. రెండో జవాబు ఇంకా ముఖ్యం. కంపెనీ పరీక్షించింది దాని ప్రయోగశాలలో, దాని కణాల మీద, దాని పద్ధతిలో. పీఏబీ-240 విషయంలో చూశాం, పద్ధతి మారితే అర్థమే మారిపోతుంది. వెస్టర్న్ బ్లాట్‌లో పనిచేసిందని మైనపు దిమ్మెలోనూ పనిచేస్తుందనుకోవడానికి వీల్లేదు. కంట్రోళ్లకు పెట్టే ఖర్చు, అవి లేకుండా వచ్చిన తప్పు ఫలితం మీద కట్టిన ఏళ్ల పరిశోధన ఖర్చు ముందు చాలా చిన్నది.

మరి ఈ కంట్రోళ్లు ఏమిటి? పి-53నే తీసుకుందాం. హెచ్-1299 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో పి-53 జన్యువులో కొంత భాగం ఊడిపోయి ఉంటుంది, ఆ ప్రొటీన్ అసలు తయారవదు. ఆ కణాల్లోనూ యాంటీబాడీ గీత చూపిస్తే, అది పట్టుకుంటున్నది పి-53ను కాదు. హెచ్‌సీటీ-116 అనే పెద్దపేగు కణాల్లో పి-53 ఉన్న రకం, దాన్ని తీసేసిన రకం రెండూ 1998 నుంచి పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. మిగతా అన్ని విధాలా ఒకేలా ఉన్న ఈ జంటను పక్కపక్కన నడిపితే తేడా ఎక్కడినుంచి వచ్చిందో అనుమానం ఉండదు. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చాక దాదాపు ఏ ప్రొటీన్‌కైనా ఇలాంటి జంటను తయారుచేసుకోవచ్చు. ప్రొటీన్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. మామూలు పి-53 ఉన్న ఎంసీఎఫ్-7 కణాలకు డీఎన్‌ఏను దెబ్బతీసే మందు ఇచ్చి, పి-53 పెరిగిందా, దాని ఆజ్ఞతో తయారయ్యే పి-21 కూడా పెరిగిందా అని చూడాలి. పి-53 పెరిగి పి-21 కదలకపోతే, ప్రొటీన్ ఉన్నా పని నడవడం లేదని అనుమానించాలి. వీటికి తోడు, వేర్వేరు చోట్లను పట్టుకునే రెండు యాంటీబాడీలు ఒకే మాట చెబితే ఫలితం మీద నమ్మకం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అవి వేరు మాటలు చెబితే దాన్ని వైఫల్యంగా కొట్టిపారేయకూడదు. ఒక చోటు కప్పబడిందా, గొలుసు తెగిందా అన్న కొత్త ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఇన్ని షరతులు పెడితే రోజుకు వందల పలకలు చూసే ఆసుపత్రి ప్రయోగశాల నడిచేదెలా అన్నది చివరి ఆక్షేపణ. న్యాయమైన ప్రశ్నే. కానీ పరిశోధకుడి భారం, రోగ నిర్ధారణ చేసేవాళ్ల భారం ఒకటి కావు. ఆసుపత్రిలో వాడే యాంటీబాడీలు లెక్కకు కొద్ది. ఏ అవయవంలో ఏ తీరుకు ఏ అర్థమో వేల కణితులను జన్యు పరీక్షతో పోల్చి ఇప్పటికే నిర్ణయించారు. వాళ్లు రోజూ చేయాల్సింది, పక్కనే ఆరోగ్యమైన కణాల్లో రంగు వచ్చిందా అని చూడటం, ప్రతి విడతలో తెలిసిన కణజాలాన్ని ఒకటి కలిపి నడపడం, తీరును స్పష్టమైన మాటల్లో రాయడం. అనుమానం ఉన్న పలకను జన్యు పరీక్షకు పంపడం. ఇవి చేయదగ్గ పనులే, మంచి ప్రయోగశాలలు చేస్తున్న పనులే. పరిశోధకుడి పరిస్థితి వేరు. అతను ఎవరూ చూడని కణంలో, ఎవరూ అడగని ప్రశ్న అడుగుతాడు కాబట్టి, తన యాంటీబాడీని తనే నిరూపించుకోవాలి. మన విశ్వవిద్యాలయాల్లో లైఫ్ సైన్సెస్, బయోటెక్నాలజీ చదివే విద్యార్థి థీసిస్‌లో 'పి-53 యాంటీబాడీ వాడాం' అని రాసి వదిలేస్తే సరిపోదు. ఏ క్లోన్, అది ప్రొటీన్‌లో ఏ భాగాన్ని పట్టుకుంటుంది, ఏ పరీక్షలో వాడారు, ప్రొటీన్ లేని కణాల్లో ఏం కనిపించింది అన్న నాలుగు వివరాలూ రాయాలి. వైవాలో పరీక్షకులు మొదట అడగాల్సినవి కూడా ఇవే. ఆ నాలుగింటికీ జవాబు ఉన్న ఫలితాన్ని ఇంకో ఊళ్లో, ఇంకో దేశంలో ఎవరైనా మళ్లీ చేసి సరిచూసుకోగలరు. జవాబు లేని ఫలితాన్ని, గీత ఎంత నల్లగా పడినా, ఆధారంగా లెక్కలోకి తీసుకోకూడదు.